ఈమ్: ప్లేగు కథ కింద పూడిపోయిన సీసపు ఊరు

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ నగరానికి నైరుతిగా 20 కిలోమీటర్ల దూరంలో, డెర్బీషర్ కొండల నడుమ ఈమ్ అనే ఊరుంది. జనాభా వెయ్యికి అటూ ఇటూ. ఆ దేశంలో బడికి వెళ్లిన వాళ్లలో చాలామందికి ఈ ఊరి గురించి ఒక్క కథ తెలుసు. 1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటతో పాటు ప్లేగు ఊళ్లోకి దిగింది. పక్క ఊళ్లకు అంటకూడదని జనమంతా పొలిమేర దాటకుండా ఒట్టు పెట్టుకున్నారు. 14 నెలల్లో 260 మంది పోయారు. కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో ఈ కథ ప్రపంచమంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది.

కథ అబద్ధం కాదు. అలాగని చెప్పుకునే తీరులోనే అంతా జరిగిందనీ కాదు. ఇందులో 17వ శతాబ్దం ఎంత, 19వ శతాబ్దం ఎంత అని విడదీసి చూస్తే గానీ విషయం తేలదు. దానికి ప్లేగు దగ్గర మొదలుపెడితే కుదరదు. ఆ కొండ మీద అంతమంది ఎందుకున్నారన్నది ముందు తేలాలి, ఆ సంగతి చెప్పేది రాయి.

ఈమ్‌కు ఉత్తరాన ఈమ్ ఎడ్జ్ అనే నిటారైన గట్టు ఉంది. దాని పైన సర్ విలియం హిల్, 429 మీటర్ల ఎత్తు. అక్కడంతా గాలి, తుప్పలు, గొర్రెలు. ఊరికి దక్షిణాన నేల ఒక్కసారిగా తెగి మిడిల్టన్ డేల్ అనే ఇరుకు లోయలోకి దిగుతుంది. ఈ రెంటి మధ్య మెట్టు లాంటి చోట ఊరు కూర్చుంది. ఉత్తరపు గట్టుది గరుకు ఇసుకరాయి, దాని కింద నీటిని పీల్చని షేల్ అనే మెత్తని పలకరాయి పొర. దక్షిణమంతా సున్నపురాయి. రెండు రకాల నేలా కలిసే గీత ఇంచుమించు ఊరి పెద్ద వీధి వెంటే సాగుతుంది. గట్టు మీద కురిసిన వాన షేల్ మీదుగా జారి ఊరి అంచున ఊటలుగా పైకొస్తుంది. ఇంకాస్త దిగువకు పోయి సున్నపురాయిని తాకిందో, పగుళ్లలో పడి మాయమైపోతుంది. నీళ్లు దొరికేది ఆ సన్నని పట్టీలోనే కాబట్టి ఊరు కూడా సన్నగా, పొడుగ్గా పెరిగింది. వీధిలో ఇప్పటికీ కనిపించే రాతి నీటి తొట్లు 1588 నాటివని ఊళ్లో చెబుతారు. అంతపాటి పల్లెకు ఆ రోజుల్లోనే ఉమ్మడి నీటి సరఫరా ఉందంటే అక్కడ డబ్బు కూడా ఉందన్నమాట.

ఆ డబ్బు సీసానిది. సున్నపురాయి పగుళ్లలో నిలువునా సీసపు ఖనిజం పట్టి ఉంటుంది. డెర్బీషర్‌లో రోమన్లు పోతపోసిన సీసపు దిమ్మలు దొరికాయి. ఈమ్ పేరు 1086లో రాజు చేయించిన భూముల లెక్క డూమ్స్‌డే పుస్తకంలో ఉంది, చర్చి ఆవరణలో అంతకంటే పాతదైన ఆంగ్లో-శాక్సన్ రాతి శిలువ ఉంది. దాని నిలువు కాండంలో కొంత ముక్క పోయింది, ఉన్నంతలో చెక్కడం మాత్రం చెక్కుచెదరలేదు. అంటే ప్లేగు వచ్చేనాటికే ఈ ఊరికి తక్కువలో తక్కువ ఆరేడు వందల ఏళ్ల వయసు.

ఇక్కడి గని చట్టం గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఊరి స్వభావం అందులోంచే పుట్టింది. ఇంగ్లండ్‌లో భూమి అంటే జమీందారుదే, పేదవాడికి అందులో కాలు పెట్టే హక్కు కూడా అంతంత మాత్రం. డెర్బీషర్ సీసపు నేలలో మాత్రం ఎవడైనా, ఎవరి పొలంలోనైనా ఖనిజం వెతుక్కోవచ్చు. ఇళ్లు, తోటలు, శ్మశానాలు, దారులు మాత్రమే మినహాయింపు. ఖనిజం తగిలిందని చూపిస్తే బార్‌మాస్టర్ అనే అధికారి వచ్చి, ఆ ఖనిజపు పట్టీ వెంట కొలిచి మొదటి రెండు కొలతల నేలను కనిపెట్టినవాడికి రాసిస్తాడు. మూడో కొలత రాజుది, లేదా రాజు దగ్గర ఆ హక్కు పుచ్చుకున్న దొరది. మొదట తీసిన ఖనిజంలో ఒక పళ్లెం కొలిచి ఇచ్చేస్తే గని నీ పేరున పడుతుంది. ఆ కొలతకు ప్రమాణంగా 1513లో పోతపోసిన కంచు పాత్ర వర్క్స్‌వర్త్ అనే పట్టణంలో ఇంకా ఉంది. తవ్వకుండా ఊరికే పట్టుకుని కూర్చుంటామంటే కుదరదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే బార్‌మాస్టర్ వచ్చి, ఖనిజాన్ని పైకి లాగే ఆ గని గిరక చట్రం మీద గాటు పెడతాడు. మూడు గాట్లు పడ్డాయంటే గని చేయి మారుతుంది. ఖనిజం దొంగతనానికి శిక్ష మరీ దారుణం. 1653లో ఈ ఆచారాలను పద్యాలుగా కట్టిన మ్యాన్లోవ్ ప్రకారం, మూడోసారి పట్టుబడినవాడి అరచేతిని కత్తితో ఆ గిరక చట్రానికే గుచ్చి వదిలేయాలి. చెయ్యి కోసుకుని బయటపడతాడో, అక్కడే చస్తాడో వాడిష్టం. అది నిజంగా ఎన్నిసార్లు అమలైందో గానీ, గనివాళ్ల కోర్టు మాత్రం ఇప్పటికీ ఏటా వర్క్స్‌వర్త్‌లో కూర్చుంటుంది.

దీంతో ఈమ్ లాంటి ఊళ్లలో ఒక తరహా జనం తయారయ్యారు. కాస్త పొలం, నాలుగు గొర్రెలు, ఒక గనిలో వాటా. దొర దయ మీద పూర్తిగా ఆధారపడని మనుషులు. తమ తగవులు తామే కూర్చుని తేల్చుకునే అలవాటు తరాలుగా ఉంది. 1666లో వాళ్లు తీసుకున్న ఉమ్మడి నిర్ణయాన్ని ఒక గొప్ప పాదిరి మాటల మహిమగా చెప్పేవాళ్లు ఈ సంగతి చూడరు. నా మటుకు నాకు పాదిరి కంటే గని కోర్టే అందుకు పెద్ద కారణమనిపిస్తుంది. రుజువు చూపించమంటే చూపలేను, ఊరిని చూస్తే కలిగే అభిప్రాయం అది.

బట్టల మూట తర్వాత

చర్చి పక్కనున్న చిన్న ఇంటి ముందు పచ్చటి బోర్డు ఒకటి ఉంటుంది. మేరీ హ్యాడ్‌ఫీల్డ్ అనే ఆవిడ తన రెండో భర్త అలెగ్జాండర్‌తో, మొదటి భర్త కూపర్‌ వల్ల కలిగిన ఇద్దరు కొడుకులతో ఆ ఇంట్లో ఉండేది. కుట్టుపనికి కుదిరిన జార్జ్ వికార్స్ కూడా అక్కడే ఉండేవాడు. లండన్ నుంచి వచ్చిన బట్ట చెమ్మగా ఉందని వికార్స్ దాన్ని పొయ్యి దగ్గర ఆరబెట్టాడనీ, అందులోని ఫ్లీ పురుగులు వేడికి లేచాయనీ చెబుతారు. ఫ్లీ అంటే ఎలుకల ఒంటి మీద బతుకుతూ గెంతే చిన్న పురుగు, మనిషిని కుట్టి ప్లేగు క్రిమిని ఎక్కించేది అదే. 1665 సెప్టెంబరు 7న వికార్స్‌ను పూడ్చారు. రెండు వారాలకు చిన్న కొడుకు. ఆ తర్వాత పెద్ద కొడుకు, మరుసటి ఏడు భర్త. మేరీ ఒక్కతే మిగిలింది. తన వైపు బంధువుల్లో 13 మందిని పోగొట్టుకుందని బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ వీధిలో అలాంటి బోర్డులు ఇంటింటికీ ఉన్నాయి. మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లవి, కిటికీల్లో పూలకుండీలు, లోపల టీవీ.

అక్టోబరులో 23 మంది పోయారు. చలికాలం వచ్చేసరికి చావులు తగ్గాయి, వసంతానికి పీడ విరగడైందనే అనుకున్నారు. 1666 జూన్‌లో మళ్లీ లేచింది. జులైలో 56 మంది, ఆగస్టులో 78 మంది.

అప్పుడు ఊళ్లో ఇద్దరు పాదిరులున్నారు, ఒకరికొకరు పడకూడని మనుషులు. థామస్ స్టాన్లీ ప్యూరిటన్, అంటే అధికార చర్చి ఆడంబరాలు వద్దనే వర్గం మనిషి. 1644 నుంచి ఆ చర్చి ఆయనదే. కొన్నేళ్లు రాజు లేని పాలన సాగి 1660లో రాజరికం తిరిగొచ్చాక, కొత్త ప్రార్థనా విధానానికి తలవంచనన్నందుకు పదవి పోయింది. 1664లో ఆ కుర్చీలోకి విలియం మాంపెసన్ వచ్చాడు. ముప్పయ్యేళ్లు కూడా లేని కుర్రాడు, అధికార చర్చి మనిషి. 1665 అక్టోబరులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం స్టాన్లీలాంటి వాళ్లు తమ పాత ఊరికి 5 మైళ్ల లోపల ఉండనే కూడదు. ఆయన కదల్లేదు. జనంలో ఆయన మాటకు ఇంకా విలువుంది, మాంపెసన్ మాటకు అంత లేదు. ఇద్దరూ చేతులు కలిపారు.

మూడు విషయాలు తేల్చారు. ఎవరి శవాలను వాళ్లే ఇంటి దగ్గరో చేలోనో పూడ్చుకోవాలి. చర్చి మూసేసి, కక్లెట్ డెల్ఫ్ అనే పచ్చిక పల్లంలో కుటుంబానికి కుటుంబానికి మధ్య ఎడం పెట్టి ప్రార్థనలు చేయాలి. మూడోది, ఎవరూ పొలిమేర దాటకూడదు. ఆ పొలిమేర ఎక్కడో ఇప్పటికీ చూపిస్తారు. ఉత్తరాన గట్టు మీద మాంపెసన్ బావి అని పిలిచే ఊట, దక్షిణాన స్టోనీ మిడిల్టన్ ఊరికి దిగే దారిలో ఒక గుండు రాయి. రాయిలో గుంటలుంటాయి, వేలు పెడితే నున్నగా తగులుతాయి. అంటు పోవాలని ఆ గుంటల్లో వినెగర్ పోసి అందులో నాణేలు వేసేవాళ్లు. బయటివాళ్లు సరుకులు పెట్టి డబ్బు తీసుకుని పోయేవాళ్లు.

ఊరికి తూర్పున, గట్టు పక్క పొలంలో రైలీ సమాధులున్నాయి. ఎలిజబెత్ హాన్‌కాక్ ఆగస్టు తొలి పది రోజుల్లో, ఎనిమిది రోజుల వ్యవధిలో భర్తనూ ఆరుగురు పిల్లల్నీ పోగొట్టుకుంది. పూడ్చింది ఆవిడే. పక్కనున్న టాల్బట్ల ఇల్లు అంతకుముందే ఖాళీ అయింది, సాయానికి వచ్చే మనిషి లేడు. ఇప్పుడక్కడ తక్కువ ఎత్తు రాతిగోడ చుట్టూ ఉంది, లోపల పేర్లు చెక్కిన రాళ్లున్నాయి. ఆగస్టు 25న మాంపెసన్ భార్య క్యాథరిన్ కూడా పోయింది. నవంబరు ఒకటో తారీఖున చివరి చావు నమోదైంది. అదే నెల 20న ఒక బంధువుకు రాసిన ఉత్తరంలో మాంపెసన్ తమ ఊరు గొల్గొతా అయిపోయిందన్నాడు, కపాల స్థలమన్నాడు. 76 కుటుంబాలకు తగిలిందనీ, 259 మంది పోయారనీ లెక్క రాశాడు.

ఎవరు ఆగారు, ఎవరు ఆపారు

ఇక్కడే ముడి ఉంది. ఆధారాలు చూస్తే మూడే కనిపిస్తాయి. చర్చి రిజిస్టరు ఒకటి, అదీ తర్వాతి కాలంలో తీసిన నకలు. రెండోది మాంపెసన్ ఉత్తరాలు. మూడోది కొన్ని సమాధి రాళ్లు. పొలిమేర ఒప్పందం మీద ఆనాడే ఊరివాళ్లెవరూ రాసిపెట్టిన కాగితం లేదు. మిగతాదంతా నోటిమాటగా పారి, తర్వాతి తరాల కలంలోంచి వచ్చింది.

పైగా స్వచ్ఛందం అన్న మాట సగమే నిజం. ప్లేగు వచ్చిన చోట జనాన్ని ఇళ్లలో బంధించాలని ఇంగ్లండ్‌లో 1578 నుంచే ప్రభుత్వ ఆదేశాలున్నాయి. 1604 చట్టం కాపలావాళ్లకు బలప్రయోగం చేసే అధికారం కూడా ఇచ్చింది. ఈమ్‌వాళ్లు వచ్చి పడతారేమోనని షెఫీల్డ్ వాళ్లు నగరం బయట మనుషుల్ని పెట్టి ఆపినట్టు అక్కడి కానిస్టేబుల్ లెక్కల పుస్తకంలో ఖర్చు రాసి ఉంది. ఈమ్ మనిషి ఒకామె టైడ్స్‌వెల్ సంతకు పోతే గుర్తుపట్టి మట్టిబెడ్డలతో తరిమారని పాత కథ. అంటే జనం పొలిమేర దాటాలనుకున్నా అవతల ఆదరించే ఊరేదీ లేదు.

డబ్బున్నవాళ్లు ముందే వెళ్లిపోయారన్నది కూడా మరిచిపోకూడదు. కలిగిన కుటుంబాలు కొన్ని మొదట్లోనే ఊరు విడిచాయి. మాంపెసన్ తన ఇద్దరు పిల్లల్ని యార్క్‌షర్ పంపించేశాడు, భార్య మాత్రం ఆయన్ని విడిచి వెళ్లలేదు. పిల్లల్ని పంపినందుకు ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఏ తండ్రయినా అదే చేస్తాడు. పంపడానికి చోటు ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఉందని మాత్రమే. గని పనివాడు పొయ్యి, గొర్రె, గని వాటా వదిలి ఎక్కడికి పోతాడు? వారం రోజులు తవ్వకపోతే గిరక మీద గాటు పడే బతుకు.

కట్టడి నిలిచింది ఒట్ల మీద మాత్రమే కాదు, తిండి మీద. చాట్స్‌వర్త్ భవనంలో ఉండే డెవన్‌షర్ ఎర్ల్ అనే దొర సరుకులు పంపించాడు. కథ చెప్పేవాళ్లు ఒక్క వాక్యంలో దాటేసే ఈ విషయమే నా లెక్కలో అసలైన మలుపు. లోపల ఉండండి, తిండికి లోటు రానివ్వం అన్న హామీ లేకపోతే ఎన్ని ప్రార్థనలు చేసినా ఆకలి రెండు వారాల్లో పొలిమేర దాటించేది.

చరిత్రకారుడు ప్యాట్రిక్ వాలిస్ 2006లో ఒక వ్యాసంలో ఈ కథ ఎలా పెరిగిందో తవ్వి చూపించాడు. 1702లో విలియం బ్యాగ్‌షా అనే ప్యూరిటన్ పక్షం పాదిరి రాసినప్పుడు ఘనతంతా స్టాన్లీది. 1720లో ఫ్రాన్స్‌లోని మార్సేలో ప్లేగు లేచాక, ఇంగ్లండ్‌లో కట్టడి చట్టాల మీద గొడవ జరుగుతున్నప్పుడు రిచర్డ్ మీడ్ అనే డాక్టరు మాంపెసన్ కొడుకు నుంచి విని ఇదే కథను తన పుస్తకంలోకి ఎక్కించాడు. అప్పుడు నాయకుడు మాంపెసన్. 1842లో విలియం వుడ్ అనే ఈమ్ వాడే ఊరి చరిత్ర రాశాడు. పొలిమేర రాళ్లు, కన్నీళ్లు, లోయ అవతలి కుర్రాడు రోలండ్‌కూ ఈమ్ పిల్ల ఎమ్మట్ సిడాల్‌కూ మధ్య ప్రేమ, అన్నీ ఇప్పుడు మనం వినే రూపానికి వచ్చింది ఎక్కువగా ఆయన చేతిలోనే. ఎమ్మట్ చనిపోయిన మాట రిజిస్టరులో ఉంది, ప్రేమ లేదు. 1866లో రెండొందల ఏళ్ల స్మారకం జరిగింది. ఇప్పుడు ఏటా ఆగస్టు చివరి ఆదివారం కక్లెట్ డెల్ఫ్‌లో ప్రార్థన చేస్తారు.

అంకెలూ మారాయి. ఊళ్లో 350 మంది ఉంటే 83 మందే మిగిలారని పాత పుస్తకాలు. పన్నుల జాబితాలు, రిజిస్టరు కలిపి చూసినవాళ్లు జనాభా 700 దాకా ఉండేదంటున్నారు. అదే నిజమైతే పోయింది నాలుగింట మూడొంతుల మంది కాదు, మూడో వంతుకు కాస్త ఎక్కువ. అయినా భయంకరమే. ఊరంతా తుడిచిపెట్టుకుపోయిందన్న మాట మాత్రం నిలబడదు.

వైద్యం వైపు మరో తగాదా. ఇది అసలు ప్లేగే కాదు, ఏదో వైరస్ అని 2001లో ఇద్దరు పరిశోధకులు వాదించారు. 2016లో లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ దగ్గర రైల్వే తవ్వకాల్లో బయటపడ్డ అస్థిపంజరాల దంతాల్లో ప్లేగు బ్యాక్టీరియా డీఎన్‌ఏ దొరికింది, 1665 నాటి లండన్ ప్లేగు ప్లేగేనని తేలింది. అదే ఏడాది లిలిత్ విటిల్స్, జేవియర్ డిడెలో అనే ఇద్దరు ఈమ్ రిజిస్టరులోని చావులను ఇల్లిల్లూ పట్టి గణించారు. ఎలుకల నుంచి నేరుగా సోకినవి సుమారు నాలుగో వంతే, మిగతా మూడొంతులూ మనిషి నుంచి మనిషికి పాకినవని వాళ్ల అంచనా. ఒకే ఇంట్లోవాళ్లకు ముప్పు ఎక్కువ, పేదలకు ఎక్కువ. ఈ లెక్క సరైనదైతే కట్టడికి రెండు ముఖాలున్నాయి. బయటి ఊళ్లు బతికాయి, లోపలి ఇళ్లు ఒకదాన్నొకటి ముంచాయి. కాబట్టి ఈమ్ చేసింది మంచిదా కాదా అన్న ప్రశ్నకు జవాబు పొలిమేరకు ఏ పక్కన నిలబడి అడుగుతున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఈ ఊరి వారసుల రక్తంలో ప్లేగును ఆపే జన్యుమార్పు ఉందన్న టీవీ కథనం మీరు వినే ఉంటారు. ఆ మార్పు 1665 కంటే ఎన్నో వేల ఏళ్లు పాతదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి, ప్లేగుకూ దానికీ లంకె నిలవలేదు.

తర్వాత మూడున్నర శతాబ్దాలు

మాంపెసన్ 1669లో నాటింగమ్‌షర్‌లోని ఈక్రింగ్‌కు బదిలీ మీద వెళ్లాడు. ప్లేగు ఊరి పాదిరి వస్తున్నాడని అక్కడివాళ్లు రానివ్వలేదు. కొన్నాళ్లు ఊరి బయట రఫర్డ్ పార్కులో గుడిసెలో ఉన్నాడు. స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే పోయాడు.

ఊరు కోలుకుంది, మళ్లీ సీసం వల్లే. 18వ శతాబ్దంలో ఈమ్ ఎడ్జ్ కింద, షేల్ పొర అడుగున పెద్ద పట్టీలు తగిలాయి. లోతు పెరిగే కొద్దీ నీళ్లు, నీళ్లను లోయలోకి పంపడానికి మైళ్ల కొద్దీ సొరంగాలు. తీసిన ప్రతి పళ్లెం ఖనిజం మీదా చర్చికి దశమ భాగం కింద కొంత ముట్టాలి, దాంతో ఈమ్ పాదిరి పదవి పెద్దింటివాళ్లు కన్నేసే ఉద్యోగమైంది. ఆ పదవిలోనే ఉన్న థామస్ సీవార్డ్ ఇంట 1742లో పుట్టిన అన్నా సీవార్డ్ తర్వాత కవయిత్రిగా పేరు తెచ్చుకుంది. చర్చి గోడ మీద 1775 నాటి నీడ గడియారం ఉంది, అందులో దూరదేశాల పేర్లు కూడా చెక్కి ఉంటాయి. కొండ మీది పల్లెకు మక్కాలో టైమెంతయిందో ఎందుకయ్యా అనిపిస్తుంది గానీ, సీసం అమ్మేవాడికి లోకం చిన్నది.

19వ శతాబ్దం చివరికి విదేశీ సీసం చవకగా దిగి గనులు మూతపడ్డాయి. పత్తి నేత, పట్టు నేత, చెప్పుల ఫ్యాక్టరీలు కొంతకాలం నిలబెట్టాయి. గనులు నేలకు చేసిన కీడు మాత్రం పోలేదు. సీసం కలిసిన మట్టిలో మేసిన పశువులు చచ్చేవి, ఆ జబ్బుకు వాళ్ల మాటల్లో బెల్లండ్ అని పేరు. పాత గనివాళ్లు పనికిరాదని గుట్టలు పోసిన తెల్లరాయి మరో తీరుగా అక్కరకొచ్చింది. అది ఫ్లోర్‌స్పార్, ఉక్కు కొలిమికీ రసాయన పరిశ్రమకూ కావాలి. 20వ శతాబ్దంలో ఆ గుట్టలను తిరిగి తవ్వారు, ఈమ్ మధ్యలో ఉన్న గ్లీబ్ గని, గట్టు మీది లేడీవాష్ గని దానికోసమే మళ్లీ నడిచాయి.

1951లో ఈ ప్రాంతమంతా బ్రిటన్ తొలి జాతీయ ఉద్యానం పీక్ డిస్ట్రిక్ట్‌లో కలిసింది. ఇప్పుడు ఊరికి తిండి పెట్టేవాళ్లలో పర్యాటకులు ముఖ్యులు, వాళ్లు వచ్చేది ప్లేగు కోసమే. 1994లో పాత మెథడిస్ట్ ప్రార్థనా మందిరాన్ని మ్యూజియం చేశారు. దాని కప్పు మీద గాలి దిక్కు చూపించే లోహపు ఎలుక ఉంది. విటిల్స్, డిడెలో లెక్క ప్రకారం ఆ ఎలుక నేరం పావు వంతే. అయినా దాన్ని దించే ఆలోచన ఎవరికీ లేనట్టుంది, ఫొటోలు దిగడానికి అంతకంటే మంచిది ఊళ్లో మరొకటి లేదు.